స్పోర్ట్స్ కారు బరువు తగ్గింపు: చక్రాలా, పైకప్పా, బ్యాటరీయా, లోపలి సామానా? ఏది మేలు?

స్పోర్ట్స్ కారును తేలిక చేయాలని పూనుకున్నవారు సాధారణంగా తూకపు యంత్రం చూపే ఒక్క అంకె వెంటే పడతారు. కారు వేగం పుంజుకోవడం వరకే చూస్తే ఆ అంకె చాలావరకు సరిపోతుంది, ఎందుకంటే తిరిగే భాగాలను మినహాయిస్తే ఏ మూల నుంచి తీసిన కిలో అయినా ఇంజిన్‌కు ఒకటే. మలుపులో నడక మాత్రం వేరు. పైకప్పు నుంచి తీసిన కిలో, సీటు కింద నుంచి తీసిన కిలో, చక్రం అంచు నుంచి తీసిన కిలో తూకంలో సమానమే అయినా, స్టీరింగ్ తిప్పినప్పుడు కారు ఇచ్చే జవాబులో వాటి మధ్య ఎంతో తేడా ఉంటుంది. అందువల్ల ఎన్ని కిలోలు తగ్గాయన్నదాని కన్నా ఎక్కడి నుంచి తగ్గాయన్నదే ముందు అడగవలసిన ప్రశ్న.

పోలికకు ఒక నిజమైన కారు దగ్గర ఉంటే మంచిది కనుక, 1989లో వచ్చిన మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5ను తీసుకుందాం. మియాటా అనే పేరుతో అమెరికాలో విరివిగా అమ్ముడైన ఈ రెండు సీట్ల కారును నేటికీ అక్కడ ఎంతోమంది సొంతంగా మార్పులు చేసుకుని ట్రాకుల మీద నడుపుతున్నారు. లెక్కకు వీలుగా, డ్రైవరుతో కలిపి దీని బరువు 1,000 కిలోలనీ, గరిమనాభి, అంటే కారు బరువంతా ఒకచోట ఉన్నట్టు లెక్కించే బిందువు, నేల నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనీ, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 1.42 మీటర్లనీ అనుకుందాం. ఇవి ప్రయోగశాలలో కొలిచిన విలువలు కావు, పోలికకు సరిపోయే ఉజ్జాయింపులు మాత్రమే.

ముందుగా బరువు ఎక్కడ తగ్గినా దక్కే లాభం ఒకటి ఉంది. టైరు మీద భారం రెట్టింపైతే దాని పట్టు రెట్టింపు కాదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. ఇది రబ్బరుకున్న స్వభావం. భారం పెరిగే కొద్దీ ఘర్షణ గుణకం కొద్దికొద్దిగా పడిపోతుంది కనుక, అవే టైర్ల మీద తేలికైన కారు తన బరువుతో పోల్చుకుంటే ఎక్కువ పట్టుతో మలుపు తీసుకోగలదు. మలుపులో లోపలి చక్రాల మీది భారం కొంత బయటి చక్రాల మీదికి మారడం కూడా ఇందుకే నష్టం: బయటి టైరుకు పెరిగే పట్టు లోపలి టైరు కోల్పోయిన పట్టును పూడ్చలేదు. మనం అనుకున్న కారు గురుత్వ త్వరణంలో తొంభై శాతం బలంతో మలుపు తిరుగుతున్నప్పుడు, సుమారు 285 కిలోల భారం ఇలా లోపలి వైపు నుంచి బయటి వైపుకు మారుతుంది. ఈ అంకెను శాసించేవి బరువు, గరిమనాభి ఎత్తు, చక్రాల మధ్య దూరం. స్ప్రింగులు మార్చినంత మాత్రాన ఈ మొత్తం చెప్పుకోదగినంత మారదు. ముందు ఇరుసుకు ఎంత, వెనుక ఇరుసుకు ఎంత అన్న పంపకమే మారుతుంది.

ఇక లోపలి సామాను సంగతి. మామూలు సీట్లకు బదులు తేలిక సీట్లు వేయడం, రేడియో, స్పీకర్లు, తివాచీ, శబ్దాన్ని అణచే పొరలు, ఏసీ తీసివేయడం చాలామంది మొదట చేసే పనులు, ఎందుకంటే వీటికి నైపుణ్యం అంతగా అక్కరలేదు, ఖర్చు కూడా తక్కువ. ఓపికగా చేస్తే 50 కిలోల దాకా తగ్గవచ్చు. అయితే ఈ సామానులో ఎక్కువ భాగం ఉండేది గరిమనాభి పరిసరాల్లోనే. అందువల్ల కారు మొత్తం బరువులో ఐదు శాతం తగ్గితే మలుపులో మారే భారం కూడా ఐదు శాతమే, అంటే 285 నుంచి 271 కిలోలకు తగ్గుతుంది. ఇది చిన్న లాభమేమీ కాదు. కానీ దీనికి చెల్లించే మూల్యం రోజూ తెలుస్తుంది: చప్పుడు, వేడి, దూరప్రయాణంలో అలసట.

ఇప్పుడు పైకప్పును చూడండి. మొదటి రెండు తరాల ఎంఎక్స్-5లకు విడిగా బిగించుకునే గట్టి కప్పు దొరికేది, దాని బరువు సుమారు 20 కిలోలు. నేల నుంచి అది ఉండే సగటు ఎత్తు 1.1 మీటర్లు అనుకుంటే, దాన్ని విప్పి ఇంట్లో పెట్టినంత మాత్రాన మలుపులో మారే భారం 285 నుంచి 271 కిలోలకే తగ్గుతుంది. లోపలి సామాను 50 కిలోలు పీకితే వచ్చిన ఫలితం ఇదే! ఆపైన గరిమనాభి 13 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. ఈ తేడా పూర్తిగా ఎత్తు వల్ల వచ్చింది. బీఎండబ్ల్యూ సంస్థ 2003లో తెచ్చిన ఎం3 సీఎస్ఎల్‌కు కార్బన్ ఫైబర్ కప్పు వేసి తగ్గించుకున్నది ఆరేడు కిలోలే. మామూలు ఎం3 కన్నా ఆ కారు మొత్తం 110 కిలోలు తేలిక కాగా, అందులో ఇంత చిన్న వాటా కోసం ఖరీదైన పదార్థం వాడటం వృథా అనిపించవచ్చు. కారులో అన్నిటికన్నా ఎత్తున ఉండే రేకు అదేనన్నది గుర్తు పెట్టుకుంటే ఆ ఇంజినీర్ల నిర్ణయం అర్థమవుతుంది. ఎంఎక్స్-5 గట్టి కప్పుకు అనుకూలంగా చెప్పవలసినది కూడా ఒకటుంది: కాన్వాసు కప్పు తెరచి నడిపేటప్పటి కన్నా గట్టి కప్పుతో గాలి నిరోధం తక్కువ కనుక, పొడవైన తిన్నని దారులున్న ట్రాకులో అది సమయం మిగల్చవచ్చు. మలుపుల మీద మలుపులున్న చోట మాత్రం దాన్ని మోసుకుపోవడంలో అర్థం లేదు.

బ్యాటరీ వేరే రకమైన లాభం ఇస్తుంది. కారు తన నిలువు అక్షం చుట్టూ తిరగడానికి చూపే బద్ధకాన్ని జడత్వ భ్రామకం కొలుస్తుంది. అందులో ప్రతి కిలో, గరిమనాభి నుంచి దాని దూరపు వర్గంతో గుణించి లెక్కకు వస్తుంది. మొదటి తరం ఎంఎక్స్-5 బ్యాటరీ డిక్కీలో, గరిమనాభికి సుమారు ఒకటిన్నర మీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ 10 కిలోలు తగ్గితే జడత్వ భ్రామకంలో 22.5 (కిలోలను మీటర్ల వర్గంతో గుణించిన కొలతలో) తగ్గుతుంది. గరిమనాభికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్న సీటు నుంచి అదే 10 కిలోలు తీస్తే తగ్గేది 0.9 మాత్రమే. ఇరవై ఐదు రెట్ల తేడా ఇది. కారు ఎడమ నుంచి కుడికి వెంటవెంటనే దిశ మార్చవలసిన చోట, మలుపులోకి ముక్కు తిప్పే మొదటి క్షణంలో, ఈ తేడా చేతులకు తెలుస్తుంది. పోర్షే సంస్థ సీసపు బ్యాటరీ స్థానంలో లిథియం అయాన్ బ్యాటరీని 911 జీటీ3, బాక్‌స్టర్ స్పైడర్ కార్లకు 2010 ప్రాంతంలో అదనపు ధరకు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు దక్కిన తగ్గింపు కూడా 10 కిలోలకు పైనే. గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీ మందగిస్తుంది కనుక ఆ సంస్థ చలికాలానికి మామూలు బ్యాటరీని కూడా తోడు ఇచ్చింది. మన ఉదాహరణలో ఇంకో చిక్కు ఉంది: డిక్కీలోని బరువు తగ్గితే కారు తూకం అర శాతానికి పైగా ముందుకు జరుగుతుంది. బ్యాటరీతో పాటు స్టెప్నీని కూడా తీసేస్తే ముక్కు భారం ఇంకా పెరిగి, మలుపులో ముందు టైర్లు ముందుగా పట్టు వదలడం మొదలవుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచించవలసినవి చక్రాలు. ఒక్కో మూలన రిమ్ము, టైరు, బ్రేకు డిస్కు కలిపి 3 కిలోలు తగ్గించామనుకుందాం. మొత్తం 12 కిలోలే. పైన చూసిన కొలతల్లో ఒకదాని ప్రకారం చక్రాలకు మంచి మార్కులు రావు. అవి నేలకు దగ్గరగా ఉంటాయి కనుక వాటిని తేలిక చేస్తే గరిమనాభి దాదాపు 2 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది, మలుపులో మారే భారం ఒక శాతం కూడా తగ్గదు. ఈ ఒక్క లెక్కే చూసినవారు చక్రాల మీద డబ్బు పెట్టడం దండగ అంటారు. నేను ఆ మాటతో ఏకీభవించను. మొదటి కారణం, చక్రాలు కారు నాలుగు మూలల్లో, గరిమనాభికి దూరంగా ఉంటాయి. ఈ కారు పొడవు వెడల్పులతో లెక్కిస్తే ఆ 12 కిలోలు జడత్వ భ్రామకంలో తగ్గించేది సుమారు 21, అంటే దాదాపుగా బ్యాటరీ మార్చినంత. పైగా తగ్గింపు నాలుగు మూలల్లోనూ సమానం కనుక ముందు వెనుకల తూకం చెదరదు. రెండో కారణం, చక్రంతో పాటు పైకీ కిందికీ ఊగే బరువు ఈ కారులో ఒక్కో మూలన 30 కిలోలు అనుకుంటే, 3 కిలోలు అందులో పదో వంతు. గతుకు తగిలినప్పుడు తేలికైన చక్రం ఎగిరి త్వరగా నేలకు చేరుతుంది, షాక్ అబ్జార్బర్ దాన్ని అదుపు చేయడం సులువవుతుంది, టైరు మీది భారం తక్కువ ఊగిసలాడుతుంది. మలుపు మధ్యలో గతుకులున్నప్పుడు కారు పక్కకు జారకుండా నిలిచేది ఇందువల్లే. అద్దంలాంటి ట్రాకు మీద ఈ లాభం తగ్గిపోతుందన్నది నిజమే, కానీ మనం నడిపే రోడ్లలో అలాంటివి ఎన్ని? మూడోది, రిమ్ము అంచులో తగ్గిన కిలో తిరగడం వల్ల కూడా లెక్కకు వస్తుంది కనుక, వేగం పెంచేటప్పుడూ బ్రేకు వేసేటప్పుడూ దాదాపు రెండు కిలోల విలువ చేస్తుంది.

తేలిక కార్ల తయారీలో పేరున్న సంస్థలు ఇక్కడ ఎందుకు శ్రమించాయో దీన్ని బట్టి తెలుస్తుంది. 1996లో సుమారు 725 కిలోలతో వచ్చిన లోటస్ ఎలీజ్‌కు అల్యూమినియం ముక్కలను జిగురుతో అతికించిన చట్రం పేరు తెచ్చింది గానీ, తొలి కార్లకు ఇనుప డిస్కులకు బదులు అల్యూమినియం మిశ్రమ డిస్కులు వేసిన సంగతిని తక్కువమంది తలుస్తారు. ముందు చక్రాలకు 185 మిల్లీమీటర్ల సన్నని టైర్లే వేశారు. 1968 నాటి పోర్షే 909 కొండదారి పందెపు కారు 400 కిలోల లోపే ఉండేది, దానికి బెరీలియం లోహపు బ్రేకు డిస్కులు బిగించారు. 2015 నాటి నాలుగో తరం ఎంఎక్స్-5లో మాజ్డా వారు చక్రానికి ఐదు నట్ల స్థానంలో నాలుగే పెట్టారు. ఆ తగ్గింపు గ్రాముల్లోనే కావచ్చు, వాళ్ల శ్రద్ధ ఎక్కడుందో మాత్రం అది చూపిస్తుంది.

లోపలి సామాను తీసివేతకు అన్నిటికన్నా మంచి సాక్ష్యం 1973 మోడల్ పోర్షే 911 కరెరా ఆర్‌ఎస్ 2.7. ఒకే 210 హార్స్‌పవర్ ఇంజిన్‌తో దాన్ని ప్రధానంగా రెండు విధాలుగా అమ్మారు: వెనుక సీట్లు, గడియారం, తలుపు హ్యాండిల్ కూడా లేకుండా తోలు పట్టీతో సరిపెట్టిన 960 కిలోల తేలిక రకం ఒకటి, మామూలు హంగులతో 1,075 కిలోల టూరింగ్ రకం ఇంకొకటి. మొత్తం 1,580 కార్లలో తేలిక రకం 200 మాత్రమే, టూరింగ్ 1,300 పైచిలుకు. రెండింటికీ వెనుక వెడల్పైన చక్రాలు ఉమ్మడి. అంటే నడకను మార్చే ముఖ్యమైన మార్పులు దక్కాక, మిగిలిన 115 కిలోల కోసం సౌకర్యాన్ని వదులుకోవడానికి కొన్నవారిలో అత్యధికులు ఇష్టపడలేదు. వారి ఎంపిక సమంజసమని నా అభిప్రాయం.

కాబట్టి రోడ్డు మీదా, అప్పుడప్పుడు ట్రాకు మీదా నడిపే కారుకు నా వరుస ఇది. గట్టి కప్పు ఉంటే ముందు దాన్ని దించాలి, అది ఉచితం. ఆ తర్వాత డబ్బంతా చక్రాలకూ టైర్లకూ కేటాయించాలి, అదీ రిమ్ము సైజు పెంచకుండా. 17 అంగుళాల తేలిక రిమ్ము కొని, దానికి సరిపడే బరువైన టైరు వేస్తే పాత 15 అంగుళాల చక్రం కన్నా బరువైపోయే అవకాశం ఉంది. మూడో స్థానం బ్యాటరీది. సీట్లూ తివాచీలూ చివరివి, పూర్తిగా ట్రాకుకే కేటాయించిన కారైతే తప్ప వాటి జోలికి పోనక్కరలేదు. ఎయిర్‌బ్యాగులు, తలుపుల్లోని రక్షణ కడ్డీలు, బంపరు వెనుక దూలం వంటివాటిని ఈ లెక్కలోకి తేనేకూడదు. కప్పు లేని కారును ట్రాకుకు తీసుకువెళ్లేవారు కారు తిరగబడితే తలను కాపాడే బోల్తా కడ్డీ బిగించుకోవాలి. అది ఎత్తులో బరువు పెంచుతుంది, అయినా పెంచవలసిన బరువే.

భారతదేశంలో ఉన్నవారు గమనించవలసినది ఇంకొకటి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు పేర్కొన్న వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు, ఆ పత్రంలో ఖాళీ బరువు కూడా ఒక వివరమే. పైగా మన గుంతల్లో పడితే నాసిరకం తేలిక రిమ్ము పగులుతుంది. మంచి ఫోర్జ్‌డ్ (లోహాన్ని గట్టిగా ఒత్తి రూపమిచ్చిన) రిమ్ముకు డబ్బు లేనివారు కంపెనీ రిమ్ముతోనే ఉండి, అదే సైజులో తేలికైన టైరు ఎంచుకోవడం మంచిది.

ఏ మార్గం ఎంచుకున్నా బరువు తగ్గిన కారు పాత కారు కాదు. అవే స్ప్రింగుల మీద అది కొంత పైకి లేస్తుంది కనుక, కష్టపడి దించిన గరిమనాభిలో కొంత భాగం మళ్లీ పైకి పోతుంది. షాక్ అబ్జార్బర్ బిగువు కొత్త బరువుకు ఎక్కువవుతుంది, చక్రాల కోణాలు మారతాయి. పని పూర్తయ్యాక డ్రైవరు బరువును సీట్లో ఉంచి, పెట్రోలు సగం ట్యాంకు నింపి, నాలుగు చక్రాల కింద విడివిడిగా తూచి, ఎత్తు సరిచేసి, ఆ తర్వాతే అలైన్‌మెంట్ చేయించాలి.