కోనసీమ గట్ల మీద ఫోనే మీటరు: చక్రం సెన్సరు, పంటు, ఒక పాడు లాడ్జి

కోనసీమ సైకిలు మీద తిరగడానికి వేలు పోసి బైక్ కంప్యూటర్ కొనక్కర్లేదు. జేబులో ఉన్న ఫోను, చక్రానికో సెన్సరు ఉంటే సరిపోతుంది. దాంతోపాటు రాత్రికి పనిచేసే ప్లగ్గు ఒకటి కావాలి. అమలాపురంలో మేం దిగిన లాడ్జిలో అదే కరువైంది. ఈ రాత సగం ఆ లాడ్జి మీద కోపంతోనే.

దారి చెప్పేస్తాను. రాజమండ్రి నుంచి ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక, ఆత్రేయపురం, లొల్ల లాకులు, రావులపాలెం, కొత్తపేట, అమలాపురం. మర్నాడు అంబాజీపేట, పి.గన్నవరం, రాజోలు, అంతర్వేది. ఆఖర్న సఖినేటిపల్లి రేవులో పంటెక్కి (మనుషుల్నీ బళ్లనీ నది దాటించే పెద్ద పడవ) నరసాపురం. రావులపాలెం దగ్గర హైవే ముక్క తప్ప మిగతా దారంతా సైకిలుకి హాయి. ఆత్రేయపురంలో పూతరేకులు నేతివి అడిగి, ఒకటి రుచి చూశాకే డబ్బాకి డబ్బులివ్వండి.

ఇక సెన్సర్ల సంగతి. ఫోనుకి ముడిపెట్టాలంటే బ్లూటూత్ ఉన్నదే తీసుకోవాలి. ఆంట్ ప్లస్ అనే వేరే రేడియో మాత్రమే ఉన్న పాత సెన్సరు చవగ్గా వస్తుంది గానీ ఇప్పటి ఫోన్లలో చాలావాటికి ఆ రేడియో లేదు, ఐఫోన్లకైతే ఎప్పుడూ లేదు. డబ్బా మీద 'స్పీడ్ / కేడెన్స్' అని గీత పెట్టి రాసినవాటితో జాగ్రత్త. కేడెన్స్ అంటే నిమిషానికి పెడల్ తిరిగే చుట్లు. అలాంటి సెన్సరు రెండూ కొలుస్తుంది, కానీ ఒకసారికి ఒకటే. చాలావాటిలో బ్యాటరీ తీసి మళ్లీ పెడితే మోడ్ మారుతుంది, ఏ మోడ్‌లో ఉందో లైటు రంగు చెబుతుంది. రెండూ ఒకేసారి కావాలంటే రెండు కొనాలి. మా బావకి అమ్మిన షాపువాడు ఈ ముక్క దాచి, ఒక్కటే రూ.2,200కి అంటగట్టాడు. దాంతో బావ దారంతా కేడెన్స్ లేకుండానే తొక్కాడు, ఆ షాపుని తిట్టని ఊరు లేదు.

ఒక్కటే కొనేటట్టయితే స్పీడుకే కొనండి. కొబ్బరి తోటల్లో జీపీఎస్ అంకె నిలవదు. మట్టల కింద తిన్నగా 18లో తొక్కుతున్నా తెర మీద 14, 23, 16 అని గెంతుతుంది. సిగ్నలు ఆకులకీ గోడలకీ కొట్టుకుని ఆలస్యంగా చేరడం వల్ల ఫోను మనల్ని రోడ్డు పక్క బోదెలో ఉన్నట్టు లెక్కేస్తుంది. చక్రం సెన్సరుకి ఆకాశంతో పని లేదు. ముందు చక్రం హబ్బుకి, అంటే నడిమి గొట్టానికి, రబ్బరు పట్టీతో బిగించాలి. హబ్బు సన్నగా ఉంటే సెన్సరు జారి తిరుగుతుంది, కింద పాత ట్యూబు ముక్క చుట్టండి. కేడెన్స్‌ది ఎడమ క్రాంకు (పెడల్ని పట్టుకునే కడ్డీ) లోపలి వైపు. కట్టాక పెడల్ని వెనక్కి ఒక చుట్టు తిప్పి, ఫ్రేముకి రాసుకుంటోందేమో చూడండి.

అసలు తేడా కొట్టేది చక్రం చుట్టుకొలత దగ్గర. చాలా యాప్‌లు 2105 మిల్లీమీటర్లు అనుకుంటాయి. అది 700x25 టైరుది, రెండో అంకె టైరు వెడల్పు. గట్ల మీద తొక్కే 700x32కి సుమారు 2155. ఆ 50 మిల్లీమీటర్లు సరిచేయకపోతే 80 కిలోమీటర్లకి దాదాపు రెండు కిలోమీటర్లు తక్కువ చూపిస్తుంది. పట్టికలు చూసే కన్నా కొలుచుకోవడం మేలు. గాలి సరిగ్గా కొట్టి, వాల్వు కిందికి తెచ్చి నేల మీద సుద్దగీత గీసి, మనిషి సీటు మీద కూర్చుని ఉండగా వాల్వు మళ్లీ కిందికొచ్చేదాకా ఒక్క చుట్టు నడిపించి, టేపుతో కొలవండి. మనిషి బరువుకి టైరు నొక్కుకుంటుంది కాబట్టి ఖాళీ సైకిలు నెట్టి కొలిస్తే లెక్క కాస్త ఎక్కువొస్తుంది.

జత కలిపేది యాప్ లోపల. ఫోను బ్లూటూత్ సెట్టింగుల్లో వెతికితే కొన్ని అసలు కనబడవు, కొన్ని అక్కడ కలిసి యాప్‌కి దొరక్కుండా పోతాయి. ముందు చక్రం నాలుగు తిప్పులు తిప్పి సెన్సర్ని లేపాలి. ఆండ్రాయిడ్ పాతదైతే లొకేషన్, 12 నుంచి 'దగ్గర్లోని పరికరాలు' అనుమతి ఇవ్వాలి. యాప్‌లలో స్ట్రావా హార్ట్ రేట్ పట్టీని తీసుకుంటుంది గానీ చక్రం సెన్సర్ని పట్టించుకోదు. రైడ్ విత్ జీపీఎస్ తీసుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో ఓస్మాండ్ అనే మ్యాపు యాప్ కూడా తీసుకుంటుంది. మ్యాపు ముందే దించుకుంటే లంకల్లో సిగ్నల్ పోయినా దారి పోదు. ఇంకో పేచీ ఉంది. ఈ సెన్సర్లలో చాలావరకు బ్లూటూత్‌లో ఒక్క ఫోనుకే పలుకుతాయి. లొల్ల లాకుల దగ్గర టీ తాగి లేచేసరికి తమ్ముడి తెర మీద సున్నా. వాడి సెన్సర్ని బావ ఫోను ముందే పట్టేసుకుంది. "నా చక్రం తిరుగుతుంటే నీ స్పీడు పెరుగుతోందేంటి బావా!" అని వాడు కొత్తపేట దాకా గొణుగుతూనే ఉన్నాడు. ఒకే రకం సెన్సర్లు కొంటే పేరు చివర వచ్చే నంబరు చూసి, ఎవరిది వారు సేవ్ చేసుకోవాలి.

కాటన్ 1847–52 మధ్య ఆనకట్ట కట్టి, నీళ్లు వాటంతటవే పారేలా కాలువలు తీసిన నేల ఇది. మట్టం మారేచోట పడవల కోసం లాకులు. గట్టెక్కి దిగడమే ఇక్కడ ఘాట్ రోడ్డు. అలాంటి చోట తమ్ముడి ఫోను 140 మీటర్ల ఎక్కుడు రాసింది. బారోమీటరు (గాలి ఒత్తిడి కొలిచేది) లేని ఫోను ఎత్తుని జీపీఎస్‌తోనే లెక్కేస్తుంది, ఆ తప్పులన్నీ కూడుకుని కొండలైపోతాయి. డెల్టాలో యాప్ తెర మీద ఆ ఎత్తు గడి తీసేసి కేడెన్స్ పెట్టుకోండి. ఎదురుగాలికి గేరు తగ్గించాలో లేదో అదే చెబుతుంది.

ఇప్పుడు లాడ్జి. అమలాపురంలో ఏసీ గది రూ.1,800. కౌంటర్లో కుర్రాడు మొదటే, "ఆయ్, సైకిళ్లు పైకి కుదరదండి, జనరేటరు పక్కన పెట్టేసుకోండి" అన్నాడు. సరే, సెన్సర్లు ఊడదీసి పట్టుకెళ్లాం. గదిలో ఏసీకి పోను ఉన్న ప్లగ్గు ఒక్కటే, మంచం తలాపున, పిన్ను పెడితే జారిపోయేది. పైగా తాళంచెవికి కట్టిన గొట్టం గోడలో గుచ్చితేనే గదికి కరెంటు. తాళం వేసుకుని భోజనానికెళ్తే చార్జింగూ మనతోపాటే బయటికొచ్చినట్టు. కొన్నిచోట్ల ఆ కన్నంలో ఏ అట్టముక్క దూర్చినా పనవుతుంది, ఇక్కడ కాలేదు. రెండో తాళం అడిగితే లేదన్నారు. కౌంటర్లో పెట్టుకుంటే ఫోనుకి రూ.50 అట!

రాత్రి కరెంటు పోయింది. జనరేటరు ఫ్యానుకీ లైటుకీ మాత్రమే, ప్లగ్గుకి రాదు. పొద్దున్నకి పవర్ బ్యాంకు 40 శాతం దాటలేదు. బిల్లులో మాత్రం 'జనరేటర్' అని రూ.150 అదనం. బావ వాదించి రూ.100 తగ్గించాడు గానీ, అంబాజీపేటలో పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు అల్లప్పచ్చడితో కడుపులో పడేదాకా మామూలు మనిషి కాలేదు. ఆకు విప్పగానే వచ్చే ఆ వాసన మామూలు ఇడ్లీకి రమ్మన్నా రాదు. ముగ్గురికి రూ.150. లాడ్జివాడు జనరేటరుకి రాసిందీ అంతే.

కాబట్టి అడ్వాన్సు ఇచ్చేముందు రెండు అడగండి: తాళం తీసుకెళ్తే ప్లగ్గు పనిచేస్తుందా, జనరేటరు మీద ప్లగ్గు ఉందా. అంతర్వేదిలో సత్రం గది రూ.500కే దొరికింది, గోడకి మూడు ప్లగ్గులు, సైకిళ్లు గదిలోనే. దోమలున్నాయి, కాయిల్ తెచ్చుకోండి. దిండిలో రిసార్టులున్నాయి గానీ రాత్రికి నడుం వాల్చేందుకు ఆ రేటు దండగ.

చార్జి పొదుపు ఇలా. తెర పూర్తి వెలుగులో వెలిగిస్తే మా 5000 ఎంఏహెచ్ ఫోను గంటకి 18 శాతం తాగింది, ఆర్పేస్తే 5. అందుకే తెర ఆర్పి, ఐదు కిలోమీటర్లకోసారి గొంతుతో చెప్పేలా పెట్టుకోవాలి. దానికి ముందు బ్యాటరీ సెట్టింగుల్లో ఆ యాప్‌కి ఆంక్షలు తీసేయాలి, లేకపోతే ఫోను దాన్ని దారిలోనే చంపేస్తుంది. నల్ల ప్లాస్టిక్ సంచీలో ఫోనుని పెట్టి ఎండలో చార్జింగు పెట్టకండి. వేడెక్కి తెర మసకబారుతుంది, చార్జింగు ఆగిపోతుంది. టీకి ఆగినప్పుడు నీడలో పెట్టడమే. వాన చినుకులు తెరని వేళ్లలా నొక్కి రైడుని ఆపేస్తాయి కూడా, యాప్‌లో తెర లాకు ఉంటే వేసుకోండి.

సఖినేటిపల్లి రేవులో మనిషికీ సైకిలుకీ కలిపి రూ.30 తీసుకున్నారు. పంటు మీద లారీ పక్కన సైకిలు పట్టుకుని నిలబడ్డా, సెన్సరు లేని ఫోను మనం వశిష్ఠ గోదావరి మీద తొక్కుతున్నట్టే రాసుకుంటుంది. నది వెడల్పంతా దూరంలో కలిసి, సగటు స్పీడు పడిపోతుంది. స్పీడు సెన్సరు ఉండి ఆటో పాజ్ దాన్ని బట్టి పనిచేసే యాప్ అయితే లెక్క తనే ఆపుతుంది. నమ్మకం లేకపోతే ఎక్కేముందే పాజ్ నొక్కండి. దిగాక మళ్లీ మొదలెట్టడం మరిచిపోయేవాళ్లే ఎక్కువ, మాధవాయిపాలెం ఒడ్డున చక్రం కదిలాక అంకె కదులుతోందో లేదో ఒకసారి చూసుకోండి. అంకె చచ్చినట్టు పడి ఉంటే సెన్సర్లోని సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయిందేమో. నరసాపురంలో వాచీల కొట్లలో రూ.50కి దొరికింది, ప్లస్ గుర్తు పైకి ఉండేలా వేయాలి. సముద్రం గాలికి మూత లోపల తడి చేరుతుంది, పాత బిళ్ల తీసినప్పుడే పొడి గుడ్డతో తుడిచేయండి.