ఈసీహెచ్‌ఎస్ పళ్ల వైద్యం: పర్లాకిమిడి నుంచి ఏళ్ల తరబడి వాడిన అనుభవం

ఆర్మీలో హవల్దార్‌గా చేసి, పెన్షన్ మీద వచ్చి ఒడిశాలోని పర్లాకిమిడిలో స్థిరపడ్డాను. అప్పటి నుంచి నాకూ, నా భార్యకూ వైద్యమంతా మాజీ సైనికుల వైద్య పథకమైన ఈసీహెచ్‌ఎస్ కార్డు మీదే. గుండె ఆపరేషన్లకీ, షుగర్ మందులకీ ఈ స్కీము ఎలా పనికొస్తుందో అందరికీ తెలుసు. ఇక్కడ పళ్ల గురించే రాస్తాను. మా గజపతి జిల్లాలో మాజీ సైనికులు ఎక్కువగా నిర్లక్ష్యం చేస్తున్నది వాటినే.

ఈ స్కీము 2003 ఏప్రిల్ 1న మొదలైంది. పెన్షన్‌కి వచ్చేటప్పుడు ఒకసారి డబ్బు కట్టాలి. 2017 చివర్లో సవరించిన లెక్క ప్రకారం హవల్దారు వరకు 30,000, జేసీవోలకు (నాయబ్ సుబేదార్ నుంచి సుబేదార్ మేజర్ వరకు) 67,000, ఆఫీసర్లకు 1,20,000 రూపాయలు. 1996 జనవరి 1కి ముందు రిటైరైన వాళ్లూ, యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న వాళ్లూ ఏమీ కట్టక్కర్లేదు. ఆ తర్వాత ఈ స్కీము సొంత క్లినిక్ అయిన పాలీక్లినిక్‌లో డాక్టరు ఫీజు ఉండదు. పళ్లకు వేరే డాక్టరు, వేరే కుర్చీ ఉంటాయి. చాలామంది మాజీ సైనికులకు ఈ మాటే తెలియదు. పన్ను నొప్పి వస్తే బజార్లో మాత్ర కొని వేసుకుంటారు.

సర్వీసులో ఉన్నప్పుడు ఈ బాధ లేదు. భర్తీలోనే నోరు తెరిపించి పళ్లు లెక్కపెడతారు, మంచి పళ్లకిచ్చే డెంటల్ పాయింట్లు 14 లేకపోతే తీసుకోరు. తర్వాత కూడా ఏడాదికోసారి పళ్ల తనిఖీ ఉంటుంది. పిప్పి పన్ను కనిపిస్తే వాళ్లే పిలిచి కూర్చోబెడతారు. పెన్షన్ వచ్చాక పిలిచేవాళ్లు ఉండరు, మనమే వెళ్లాలి. వయసు పెరిగి పళ్లు కదిలే రోజుల్లోనే ఆ పిలుపు ఆగిపోతుంది.

చికిత్స నాణ్యతకు నేను మంచి మార్కులే వేస్తాను. నాకు చిగుళ్ల వాపుకు చేసిన క్లీనింగు, రెండు దవడ పళ్లకు పెట్టిన ఫిల్లింగు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. మా డాక్టరమ్మ బీపీ చూసి, షుగర్ రిపోర్టు అడిగి, రక్తం పలచబరిచే మాత్ర వాడుతున్నానా అని కనుక్కున్న తర్వాతే పన్ను ముట్టుకుంది. డబ్బు తీసుకునే చోట కూడా నాకు ఇంత జాగ్రత్త కనిపించలేదు.

అసలు కష్టం సిట్టింగులది. జ్వరానికి ఒకసారి వెళ్లి మందు తెచ్చుకుంటే సరిపోతుంది. పళ్ల సంగతి వేరు. రూట్ కెనాల్‌కు రెండు మూడుసార్లు కూర్చోవాలి, తర్వాత క్యాప్‌కు కొలత, మళ్లీ అది బిగించడానికి ఇంకోసారి. కట్టుడు పళ్ల సెట్టుకైతే అచ్చు తీయడం, కొరుకు కొలత, మైనం మీద పళ్లు పేర్చి చూడటం, చివరికి ఇవ్వడం, ఒరుసుకున్నచోట అరగదీయడం, అన్నీ వేర్వేరు రోజులే. మాకు పాలీక్లినిక్ జిల్లా దాటి ఉంది. తెల్లవారుజామున బయలుదేరితే చీకటి పడ్డాక ఇంటికి చేరతాం. కాశీనగర్, గుణుపూర్ వైపు వాళ్లకు ఇంకా దూరం. అంత దూరం పోయాక డాక్టరు సెలవులో ఉందనో, కాంట్రాక్టు అయిపోయి కొత్తవాళ్లు ఇంకా చేరలేదనో చెబితే ప్రాణం ఉసూరుమంటుంది. మాకూ అలా జరిగింది. సగం చేసిన రూట్ కెనాల్‌తో నా భార్య నెలల తరబడి ఒక పక్కనే నమిలింది. ముందు రోజు ఒక్క ఫోన్ వచ్చి ఉంటే ఆ ప్రయాణమైనా తప్పేది.

అందుకే బాగుచేయగలిగే పళ్లను కూడా మావాళ్లు పీకించేసుకుంటున్నారు. మా వీధిలో ఒక సిపాయి భార్య ఉంది, భర్త పోయి చాలాకాలమైంది. తోడు వస్తాను, పన్ను నిలబెట్టించుకో అన్నాను. "బాబూ, పీకించేస్తే ఒక్క పూటతో తీరిపోద్ది. అన్నిసార్లు నన్నెవుడు తిప్పుతాడు?" అంది. ఆమె మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు అన్నం మెత్తగా పిసుక్కుని తింటోంది, పప్పుండ తినడం మానేసింది.

మా ప్రాంతానికి ఇంకో భయం కూడా ఉంది. ఇక్కడ గుడాకుతో పళ్లు తోముకునే అలవాటు బాగా ఉంది, అదీ పొగాకే. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పెద్దావిడల్లో చుట్ట నిప్పును నోట్లోకి పెట్టి అడ్డపొగ తాగేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ వేడికి అంగిలి తెల్లబారుతుంది, కొందరికి అక్కడే క్యాన్సర్ మొదలవుతుంది. పళ్ల డాక్టరు అద్దం పెట్టి చూస్తే ముందే పట్టుకోవచ్చు. కాబట్టి పళ్ల కుర్చీ దూరమైతే పోయేది పళ్లొక్కటే కాదు. సైనికుల భార్యలకు ఈ తనిఖీ కచ్చితంగా జరగాలి.

ఇందుకు కొత్త ఆసుపత్రి కట్టనక్కర్లేదు. దూరం నుంచి వచ్చేవాళ్లకు వారంలో ఒక రోజు కేటాయించి, ఆ రోజు ఎక్కువసేపు కూర్చోబెట్టి రెండు సిట్టింగుల పని ఒకేసారి చేయవచ్చు. డాక్టరు లేని రోజు ముందే మెసేజ్ పంపవచ్చు. పర్లాకిమిడిలో ఉన్న ప్రైవేటు దంత వైద్యుల్లో ఒక్కరినైనా ప్యానెల్లోకి, అంటే ఈ కార్డు మీద వైద్యం చేసేవాళ్ల జాబితాలోకి తీసుకుంటే సగం బాధ తీరుతుంది. వాళ్లు ముందుకు రావాలంటే బిల్లులు త్వరగా చెల్లించాలి. నెలకోసారి డెంటల్ వ్యాను వస్తే, బస్సు ఎక్కలేని ముసలివాళ్లు కూడా నోరు చూపించుకుంటారు. మా మాజీ సైనికుల సమావేశాల్లో ఈ మాటలు చెబుతూనే ఉన్నాను, రాతపూర్వకంగానూ ఇచ్చాను.

కొత్తగా వెళ్లేవాళ్లు కార్డుతో పాటు షుగర్ రిపోర్టు, వాడుతున్న మందుల చీటీ పట్టుకెళ్లండి. గుండె మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, డాక్టరు చెబితేనే ఆపాలి. బయట చేయించాల్సిన పనైతే ముందు పాలీక్లినిక్ నుంచి రిఫరల్ చీటీ తీసుకోండి, దానిమీద గడువు తేదీ చూసుకోండి. మొదటి రోజే మొత్తం ఎన్ని సిట్టింగులో అడిగి, తేదీలన్నీ అక్కడే రాయించుకోండి. నొప్పి లేకపోయినా ఏడాదికోసారి వెళ్లండి, భార్యను కూడా తీసుకెళ్లండి. చికిత్సకు ఐదుకు నాలుగున్నర ఇస్తాను, అందుబాటుకు రెండు.