జాగ్రత్త: 1958 మాంచెస్టర్ యునైటెడ్ – షెఫీల్డ్ వెన్స్‌డే ప్రోగ్రామ్ పేరుతో నకలు అంటగడుతున్నారు

పాత ఫుట్‌బాల్ ప్రోగ్రామ్‌లు, అంటే మ్యాచ్ రోజు క్లబ్బులు అమ్మే చిన్న పుస్తకాలు సేకరించే మనవాళ్లందరూ ఇది చదవండి. ముఖ్యంగా ఇంగ్లండ్‌లో ఉంటూ ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు. పార్సెల్ నిన్న సాయంత్రమే వచ్చింది, కోపం ఇంకా దిగలేదు. వాక్యాలు అటూ ఇటూ అయితే సర్దుకోండి.

అమ్మినతను మీలో చాలామందికి తెలుసు. మనం వాడే వేలం సైట్‌లో యాభైల నాటి, అరవైల నాటి మాంచెస్టర్ ప్రోగ్రామ్‌లు పెడతాడు, ప్రతి దాని కిందా ‘మా నాన్న పెట్టెలోంచి’ అని రాస్తాడు. పేరు రాయను. ఆ మాట చూస్తే మీకే అర్థమవుతుంది.

అతను పెట్టింది 1958 ఫిబ్రవరి 19, బుధవారం నాటి ‘యునైటెడ్ రివ్యూ’, అంటే మాంచెస్టర్ యునైటెడ్ ప్రోగ్రామ్. ఎఫ్ఏ కప్ అయిదో రౌండు, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో షెఫీల్డ్ వెన్స్‌డేతో మ్యాచ్. జట్టు ఆటగాళ్లను బలితీసుకున్న మ్యూనిక్ విమాన ప్రమాదం జరిగిన పదమూడు రోజులకు యునైటెడ్ ఆడిన మొదటి ఆట. మేనేజర్ మ్యాట్ బస్బీ మ్యూనిక్ ఆసుపత్రిలో ఉన్నాడు. ఆటగాడు డంకన్ ఎడ్వర్డ్స్ కూడా అక్కడే చావుబతుకుల్లో ఉన్నాడు, ఇంకో రెండు రోజులకు పోయాడు. జట్టును నిలబెట్టే బాధ్యత అసిస్టెంట్ మేనేజర్ జిమ్మీ మర్ఫీ మీద పడింది. ప్రోగ్రామ్ అచ్చుకి వెళ్లే సమయానికి ఎవరు ఆడతారో ఆయనకే తెలియదు. అందుకే మధ్య పేజీల్లో షెఫీల్డ్ వైపు పదకొండు పేర్లూ ఉంటాయి, యునైటెడ్ వైపు పదకొండు ఖాళీలు ఉంటాయి. చైర్మన్ హార్డ్‌మన్ సందేశం పైన ‘యునైటెడ్ ముందుకు సాగుతుంది’ అన్న శీర్షిక. దాన్ని తెరిచి ఆ ఖాళీలు చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు.

నిజానికి ఈ సంచిక మరీ అరుదైనదేం కాదు. ఆ రాత్రి దాదాపు అరవై వేల మంది వచ్చారు, చాలామంది తమ కాపీని దాచుకున్నారు. దొరకనిది దానికి ముందుది. ఫిబ్రవరి 8న వుల్వ్స్ క్లబ్బుతో జరగాల్సిన మ్యాచ్ ప్రోగ్రామ్. అచ్చయ్యాక మ్యాచ్ వాయిదా పడింది, కాపీలు దాదాపు అన్నీ ధ్వంసం చేశారు, ఏవో కొన్ని మిగిలాయి. షెఫీల్డ్ కాపీకి మామూలు కన్నా చాలా ఎక్కువ ఇచ్చానంటే, ఇచ్చింది కాగితానికి కాదు, అందులోని పెన్సిల్ రాతకి.

ఆ రాత్రి మైకులో జట్టు చెబుతుంటే జనం ఖాళీల్లో పేర్లు రాసుకున్నారు. మ్యూనిక్ నుంచి బతికొచ్చిన గ్రెగ్, ఫోక్స్ ఉన్నారు. బ్లాక్‌పూల్ నుంచి తెచ్చుకున్న ఎర్నీ టేలర్ ఉన్నాడు. ఆట మొదలవడానికి కాసేపటి ముందే ఆస్టన్ విల్లా నుంచి సంతకం చేసిన స్టాన్ క్రౌథర్ ఉన్నాడు. మిగతావాళ్లలో చాలామంది రిజర్వు కుర్రాళ్లు. లిస్టింగ్ ఫొటోలో ఆ పేర్లన్నీ పెన్సిల్‌తో హడావిడిగా రాసి ఉన్నాయి. క్రౌథర్ స్పెల్లింగ్ తప్పు. చెవికి ఎలా వినపడితే అలా రాసేశారన్నమాట. ఒక పేరు కొట్టేసి పక్కన ఇంకోటి రాశారు. ఆ కొట్టివేత చూసి నేను ఫోన్ పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాను. ఎవరో ఒక మనిషి, చలిలో, చీకట్లో, నిన్నటిదాకా ఎడ్వర్డ్స్, టామీ టేలర్, బైర్న్ అని రాసుకున్న చేత్తో కొత్త పేర్లు రాస్తున్నాడు. అలాంటిది మళ్లీ దొరకదు.

ఫోన్ చేశాను. అమ్మేతను చాలా మర్యాదగా మాట్లాడాడు. ఆ రాత్రి తొమ్మిదేళ్ల వయసులో నాన్న చెయ్యి పట్టుకుని వెళ్లానని, రాసింది నాన్నేనని చెప్పాడు. యునైటెడ్ ఆటగాడు షే బ్రెనన్ కార్నర్ నుంచి నేరుగా కొట్టిన గోల్ గురించి, 3–0 అయ్యాక కూడా జనం ఏడుస్తూనే ఉన్నారన్న సంగతి గురించి చెప్పాడు. వింటుంటే నా గొంతు పట్టేసింది. తర్వాత, సైట్‌కి కమీషన్ ఎందుకు, నేరుగా పంపితే కొంత తగ్గిస్తానన్నాడు. డబ్బు పంపే యాప్‌లో ‘స్నేహితులు, కుటుంబం’ ఆప్షన్‌లో పంపమన్నాడు. పంపాను.

ఇక నిన్నటి సంగతి. కవరు తీశాను. మొదట కంట్లో పడ్డవి పిన్నులు. తళతళా మెరుస్తున్నాయి. అరవై ఏళ్లు దాటిన స్టేపుల్ పిన్నులు అలా మెరవవు, కానీ ఎవరైనా మార్చి ఉండొచ్చు అనుకున్నాను. పిన్ను చుట్టూ గోధుమరంగు తుప్పు మరక ఉంది. కొత్త పిన్ను చుట్టూ పాత తుప్పు, సరే, అదీ కుదురుతుంది. అయితే ఆ మరక పిన్నుకి అర సెంటీమీటరు పక్కన ఉంది. వేలితో తడిమాను. నున్నగా ఉంది. మరక అచ్చు వేసి ఉంది! మధ్యలో నిలువుగా మడత గీత కనిపిస్తోంది, కాగితం మీద మాత్రం మడతే లేదు. అదీ అచ్చే.

చేతులు వణుకుతుంటే మధ్య పేజీ తెరిచాను. పెన్సిల్ రాత అక్కడే ఉంది. అదే తప్పు స్పెల్లింగ్, అదే కొట్టివేత. దీపం కింద పేజీ వంచి చూశాను. పెన్సిల్ రాత అయితే ఒక కోణంలో మెరుపు రావాలి. రాలేదు. భూతద్దం పెట్టాను. గీతలన్నీ చుక్కలు. ఎక్కడో ఉన్న అసలు కాపీని స్కాన్ చేసి, తుప్పుతో, మడతతో, ఆ మనిషి చేతిరాతతో సహా ప్రింటు తీశాడు. అసలు ఇలాంటివి ఎన్ని తీశాడో, ఎంతమందికి ‘మా నాన్న’ కథ చెప్పాడో.

రీప్రింట్లు కొత్త కాదు. 1966 ప్రపంచకప్ ఫైనల్ ప్రోగ్రామ్‌కి ఎన్నెన్ని రీప్రింట్లు వచ్చాయో మనకి తెలుసు. రీప్రింట్ అని చెప్పి అమ్మితే నేనూ కొంటాను, నా దగ్గర ఉన్నాయి కూడా. కానీ ఒక మనిషి ఆ రాత్రి రాసుకున్న పేర్లను ఇంకుతో నకలు చేసి, ఇది మా నాన్న చేతిరాత అని చెప్పడం వేరు.

ఫోన్ చేశాను. మొదట ఎత్తలేదు. మూడోసారి ఎత్తాడు. చూసినవన్నీ ఒక్కొక్కటిగా చెప్పాను. కాదనలేదు. కంగారు కూడా పడలేదు. ‘అందులో ఉన్న విషయం అదేగా, ఒక్క అక్షరం పోలేదుగా’ అన్నాడు. అసలు కాపీ ఏది అని అడిగాను. దానికి జవాబు లేదు. డబ్బు వెనక్కి పంపమన్నాను. అప్పుడు అన్నాడు: ‘ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకో. మీ ఇంటికొచ్చే మీవాళ్లలో తేడా కనిపెట్టేవాడెవడు?’

ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత నా నంబర్ బ్లాక్ చేశాడు.

మీవాళ్లు అంటే ఎవరో నాకు అర్థమైంది. చదువుకోవడానికి ఈ ఊరు వచ్చినప్పటి నుంచి ప్రమాదం జరిగిన ఫిబ్రవరి 6న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో, దాని గుర్తుగా పెట్టిన మ్యూనిక్ గడియారం కింద నిలబడేవాళ్లలో నేనూ ఒకణ్ణి. నా పక్కన నిలబడే ముసలివాళ్లెవరూ ఎప్పుడూ నన్ను ‘నువ్వెవరు’ అని అడగలేదు. మా నాన్న హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కథలు చెబుతూ నన్ను పెంచాడు. రహీం సాబ్ తయారుచేసిన జట్టు, 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచిన జట్టు. ఆ మ్యాచ్‌ల కాగితం ముక్క ఒక్కటైనా దొరుకుతుందేమోనని ఏళ్ల తరబడి వెతికాను. నాకు దొరకలేదు. అందుకే ఇక్కడివాళ్లు కాగితాన్ని ఇంత భద్రంగా దాచుకోవడం చూస్తే నాకు గౌరవం.

పాత ప్రోగ్రామ్‌లు చేతిలో పట్టుకున్నవాళ్లకి నేను చెప్పేది అర్థమవుతుంది. యుద్ధకాలంలో కాగితం కొరత వల్ల ఒక్క షీటుకి కుదించుకుపోయినవి. వెనక పేజీలో ఏ, బీ, సీ అని మిగతా ఊళ్ల మ్యాచ్‌ల పట్టిక ఉన్నవి. హాఫ్‌టైమ్‌లో బోర్డు మీద ఆ అక్షరాల పక్కన స్కోర్లు పెట్టేవారు, చేతిలో ప్రోగ్రామ్ లేకపోతే ఏది ఏ మ్యాచ్ అన్నది తెలిసేది కాదు. కప్ టికెట్ కోసం అందులో అచ్చువేసిన టోకెన్‌ని కత్తిరించేసినవి, దానివల్ల ధర పడిపోయినవి. నాకు ఆ కత్తిరించినవే ఎక్కువ ఇష్టం, ఎవరో టికెట్ కోసం ఆశపడ్డారని తెలుస్తుంది. 2018లో ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్ క్లబ్బులు ప్రోగ్రామ్ అచ్చు వేయడం తప్పనిసరి కాదని ఓటేశాయి. కొత్తవి తగ్గిపోతున్న కొద్దీ పాతవాటి మీద ఆశ పెరుగుతుంది, ఇలాంటివాళ్లు ఆ ఆశ మీదే బతుకుతారు.

సైట్‌కి రాశాను. లావాదేవీ బయట జరిగింది కాబట్టి ఏమీ చేయలేమన్నారు. బ్యాంకులో ఫిర్యాదు పెట్టాను, జవాబు రావాలి.

కొనేవాళ్లు ఇవి చూసుకోండి. సైట్ దాటి డబ్బు పంపమంటే వదిలేయండి, ‘స్నేహితులు, కుటుంబం’ ఆప్షన్‌లో పంపితే కొనుగోలుదారుకి రక్షణ ఉండదు. పిన్నుల్ని లోపలి వైపు నుంచి దగ్గరగా తీసిన ఫొటో అడగండి. రాత ఉన్న పేజీని దీపం కింద అటూ ఇటూ వంచుతూ చిన్న వీడియో తీయమనండి. అసలుది చేతిలో ఉన్నవాడికి అది రెండు నిమిషాల పని.

ఈ పొద్దున చూస్తే అదే ఫొటోతో కొత్త లిస్టింగ్ పెట్టాడు. అదే పెన్సిల్, అదే కొట్టివేత, ‘ఒక్కటే కాపీ’ అని రాసి ఉంది. మీలో ఎవరైనా దానికి బిడ్ వేసి ఉంటే వెంటనే వెనక్కి తీసుకోండి. ఇంతకుముందే అతని దగ్గర కొన్నవాళ్లు మధ్య పేజీ ఫొటో తీసి నాకు పంపండి. నాదానితో పక్కపక్కన పెట్టి, రెండూ కలిపి ఫిర్యాదులో జత చేస్తాను.