ఇద్దరి పరుపు: పాకెట్ స్ప్రింగా, లేటెక్సా?

దంపతుల పరుపులో నేను ముందు చూసేది ఒకటే: ఒకరు దొర్లితే రెండోవారికి మెలకువ రాకూడదు. పాకెట్ స్ప్రింగ్‌లో ప్రతి స్ప్రింగూ విడిగా ఒక గుడ్డ సంచిలో ఉంటుంది. అందుకే ఒకవైపు కదలిక అవతలికి పెద్దగా పాకదు. ఇద్దరి బరువుల్లో బాగా తేడా ఉన్నా తేలికైనవారు పల్లంలోకి జారిపోరు. బోనెల్ స్ప్రింగులు మాత్రం తీగతో ఒకదానికొకటి కలిపి ఉంటాయి, పరుపంతా ఊగుతుంది. షాపులో రెండింటినీ స్ప్రింగ్ పరుపనే అంటారు, కాబట్టి ఏ రకమో తప్పకుండా అడగండి.

రబ్బరు పాలతో చేసే లేటెక్స్ కూడా కదలికను బాగానే ఆపుతుంది, చాలాకాలం మన్నుతుంది. కానీ ఖరీదెక్కువ, బరువూ ఎక్కువే. ఎండలో వేయకూడదు. రబ్బరు అలర్జీ ఉంటే వద్దు.

మంచం సంగతికొస్తే, లేటెక్స్‌కి చెక్క పట్టీలు దగ్గరదగ్గరగా ఉండాలి. సందులు పెద్దవైతే పరుపు వాటిలోకి దిగుతుంది. స్ప్రింగ్ పరుపుకి చదునైన ప్లైవుడ్ చాలు. అయితే స్టోరేజ్ మంచంలో గాలాడదు. వానాకాలంలో, ముఖ్యంగా కోస్తాలో, పరుపు అడుగున బూజు పడుతుంది. ప్లైవుడ్‌కి రంధ్రాలు వేయించండి.

60 అంగుళాల వెడల్పుండే క్వీన్ సైజు పరుపులో మనిషికి రెండున్నర అడుగులే. గదిలో చోటుంటే 72 అంగుళాల కింగే తీసుకోండి. బడ్జెట్ సరిపోకపోతే లేటెక్స్ మానేసి, కింగ్ సైజు పాకెట్ స్ప్రింగ్ కొనడమే మేలు.