క్నిప్‌తో రెండేళ్లు, బిల్లులో అగ్గిపెట్టెలు

మాది భీమవరం. రొయ్యల మేత అమ్మే షాపుల కోసం ఒక చిన్న వెబ్ యాప్ నడుపుతున్నాం. ఏ చెరువుకి ఎన్ని బస్తాలు వెళ్లాయి, ఏ రైతు బాకీ ఎంత, చివర్లో తెలుగులో బిల్లు. అంతే. వాడేవాళ్లలో సగం మంది కాళ్ళ, మొగల్తూరు వైపు చెరువు గట్టు మీద నిలబడి, ఒక్క గీత సిగ్నల్‌తో ఓపెన్ చేస్తారు. అందుకే యాప్ బరువు పెరిగిందంటే నాకు టెన్షన్.

చేసే పని ఇంతే అయినా యాప్ వాడే బయటి లైబ్రరీల (ప్యాకేజీల) జాబితా, అదే ప్యాకేజ్ జేసన్, తెరిస్తే ఎనభైకి పైగా పేర్లు. నలుగురి చేతులు మారిన కోడ్. ఏది ఎందుకు వేశారో చెప్పేవాళ్లు లేరు, తీస్తే ఏమవుతుందోనని ముట్టుకున్నవాళ్లూ లేరు. వేసవిలో కాలువలు కట్టేశాక గుర్రపుడెక్క తీయిస్తారు కదా, మా కోడ్‌కి ఆ వేసవి ఎప్పుడూ రాలేదు, క్నిప్ వచ్చేదాకా. వాడని ఫైళ్లూ ప్యాకేజీలూ వెతికి చూపించే టూల్ అది.

మొదట వాడని ప్యాకేజీలు వెతికే డెప్‌చెక్ అనే ఇంకో టూల్ వాడాను. నాలుగు పేర్లు చూపించి ఊరుకుంది. కారణం తర్వాత తెలిసింది. అది ఫోల్డర్‌లో ఉన్న ప్రతి ఫైలూ చదువుతుంది. ఏ మూలో పడున్న పాత ఫైలు ఒక లైబ్రరీని ఇంపోర్ట్ చేసినా, ఆ లైబ్రరీ వాడుకలో ఉన్నట్టే లెక్క వేస్తుంది. ఇప్పుడు దాని డెవలప్‌మెంట్ కూడా ఆగిపోయింది, క్నిప్ చూడమని వాళ్లే రాసి పెట్టారు.

క్నిప్ పద్ధతి వేరు. (డచ్ భాషలో ఆ మాటకి కత్తిరింపు అని అర్థం.) యాప్ మొదలయ్యే ఫైలు దగ్గర బయల్దేరి, ఇంపోర్ట్‌లు పట్టుకుని ఎంత దూరం వెళ్లగలదో అంత దూరం వెళ్తుంది. దారిలో తగలని ఫైళ్లు వాడనివి, ఆ ఫైళ్లు మాత్రమే పిలిచే ప్యాకేజీలూ వాడనివే. మా పాత రిపోర్టుల పేజీ ఇలాగే దొరికింది. మెనూలోంచి లింక్ ఎప్పుడో తీసేశాం, ఫైలు మాత్రం ఉంది, దాని కోసం ఒక చార్ట్ లైబ్రరీ, ఆ లైబ్రరీకి తోడు ఇంకో రెండు.

మొదటిసారి రన్ చేసినప్పుడు మాత్రం గుండె జారింది. స్క్రీన్ నిండా ఎర్ర లైన్లు. సగం కోడు వాడనిదే అంటుంది! తప్పు దానిది కాదు. రాత్రిళ్లు బాకీల లెక్క కట్టే స్క్రిప్ట్ ఒకటి విడిగా నడుస్తుంది, ఆ సంగతి నేను దానికి చెప్పలేదు. దాన్ని ఎంట్రీల్లో (మొదలయ్యే ఫైళ్ల జాబితాలో) కలిపాక జాబితా మూడో వంతుకి దిగింది. కొత్తగా వాడేవాళ్లు ఇక్కడే విసుగొచ్చి, అది చూపించిన ప్రతిదాన్నీ ఇగ్నోర్ జాబితాలో పడేస్తారు. అలా చేస్తే ఇక అది ఉన్నా లేనట్టే.

ఇరవైకి పైగా ప్యాకేజీలు పీకేశాను. హుషారుగా బిల్డ్ కొట్టి చూస్తే బండిల్ (వాడేవాళ్ల ఫోన్‌కి వెళ్లే కోడ్ మూట) సైజు నిన్న ఎంతో ఇవాళా అంతే.

ఆలోచిస్తే అంతే మరి. ఆ మూట కట్టే వెబ్‌ప్యాక్ కూడా ఎంట్రీ నుంచే బయల్దేరుతుంది. ఎవరూ ఇంపోర్ట్ చేయని ప్యాకేజీ అసలు బండిల్‌లోకి ఎప్పుడూ వెళ్లలేదు, తీస్తే తగ్గడానికేముంది? తగ్గింది ఇన్‌స్టాల్ టైము, సెక్యూరిటీ ఆడిట్‌లో వచ్చే హెచ్చరికలు, రియాక్ట్ వెర్షన్ మార్చినప్పుడల్లా అడ్డుపడే గొడవలు. అవి నాకు మిగిలాయి, గట్టు మీద రైతుకి ఏమీ మిగల్లేదు.

బండిల్‌లో అసలు బరువేదో సోర్స్ మ్యాప్ ఎక్స్‌ప్లోరర్ అనే టూల్ చూపించింది. మొమెంట్ అనే తేదీల లైబ్రరీ. ఒకే ఒక్క చోట, బిల్లు తేదీ రాయడానికి వాడుతున్నాం. దానితో పాటు ప్రపంచంలోని వందకు పైగా భాషల తేదీల ఫైళ్లు కూడా వచ్చి కూర్చున్నాయి, ఎందుకంటే వెబ్‌ప్యాక్ మామూలు సెట్టింగ్‌లో వాటన్నిటినీ లాక్కొస్తుంది. మాకు కావలసింది తెలుగు ఒక్కటే. మొమెంట్ వాళ్లే 2020లో ఇక కొత్త ప్రాజెక్టుల్లో దీన్ని వాడొద్దన్నారు కూడా. బ్రౌజర్‌లోనే ఉన్న తేదీ రాసే సదుపాయంతో (Intl.DateTimeFormat) తెలుగు తేదీ రెండు లైన్లలో అయిపోయింది. లోడాష్ లైబ్రరీ కూడా అంతే, డిబౌన్స్ అనే ఒక్క చిన్న ఫంక్షన్ కోసం మొత్తం లైబ్రరీ. ఈ రెండిటి గురించీ క్నిప్ నోరెత్తదు. ఒక్కచోట వాడినా దాని దృష్టిలో వాడుతున్నట్టే.

ఇక అగ్గిపెట్టెల సంగతి. క్నిప్ చూపించిన జాబితాలో మండలి అనే తెలుగు ఫాంట్ ప్యాకేజీ కూడా ఉంది. కోడ్ అంతా వెతికాను, ఎక్కడా ఇంపోర్ట్ లేదు. తీసేశాను. బిల్డ్ పాసయింది. నా ల్యాప్‌టాప్‌లో బిల్లు బాగానే ఉంది, ఫోన్‌లోనూ బాగానే ఉంది. మర్నాడు పొద్దున్నే ఒక షాపు ఆయన ఫోను.

"ఏవండీ, బిల్లులో అక్షరాల బదులు అగ్గిపెట్టెలు పడుతున్నాయేంటండీ? రైతు సంతకం పెట్టనంటున్నాడండీ."

జరిగిందేంటంటే, ఆ ఫాంటుని ఒక షెల్ స్క్రిప్ట్ ప్యాకేజీలుండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌లోంచి పబ్లిక్ ఫోల్డర్‌లోకి కాపీ చేస్తుంది. ఆ కాపీ లైనుని క్నిప్ చదవలేదు. పైగా కాపీ ఫెయిలైనా బిల్డ్ ఆగొద్దని ఆ లైను చివర రాసింది ఎవరు? నేనే, ఏదో హడావుడిలో. నా ల్యాప్‌టాప్‌లోనూ ఫోన్‌లోనూ తెలుగు ఫాంటు ముందే ఉంది కాబట్టి తేడా తెలియలేదు. పీడీఎఫ్ తయారయ్యేది సర్వర్‌లో, అక్కడ తెలుగు ఫాంటు లేదు. మధ్యాహ్నం దాకా షాపులవాళ్లు బిల్లులు చేత్తో రాసుకున్నారు.

అప్పటి నుంచి ఆటోమేటిగ్గా తీసేసే ఫిక్స్ ఆప్షన్ నేను ముట్టుకోను. ఒక్కో ప్యాకేజీ తీసి, ఒక్కో కమిట్ పెట్టి, సర్వర్ నుంచి ఒక బిల్లు తీసి కళ్లతో చూశాకే రెండోది. నెమ్మదే, కానీ ఏది తేడా చేసిందో వెంటనే తెలుస్తుంది. టెస్టులు పక్కన పెట్టి చూసే ప్రొడక్షన్ మోడ్‌లో నడపడం కూడా అలవాటు చేసుకున్నాను. టెస్టుల కోసం మాత్రమే బతికున్న కోడు అప్పుడే బయటపడుతుంది. ఇప్పుడు ప్రతి పుల్ రిక్వెస్ట్‌కీ (కోడ్ మార్పు కలపమని అడిగే అభ్యర్థనకి) క్నిప్ నడుస్తుంది, ఎవరైనా ప్యాకేజీ వేసి వాడకపోతే మెర్జ్ కాదు. కుర్రాళ్లు మొదట్లో సణిగారు.

అయిదుకి నాలుగు ఇస్తాను. ఇగ్నోర్ జాబితాలో ఈ రోజుకీ ఒక్కటే పేరుంది, మండలి. షెల్ స్క్రిప్ట్‌లో ఆ లైను చివరి ముక్క మాత్రం తీసేశాను. ఫాంటు దొరక్కపోతే బిల్డ్ అక్కడే ఆగిపోతుంది.