అమెరికా అధ్యక్ష ఎన్నికల పోల్ సైట్లు: ఏది ఎంతవరకు పనికొస్తుంది

అధ్యక్ష ఎన్నికల ప్రచారం వేడెక్కిందంటే అమెరికాలో ఓటర్లు పొద్దునా సాయంత్రం తెరిచి చూసేవి పోల్ సగటుల సైట్లు. రియల్‌క్లియర్‌పాలిటిక్స్, న్యూయార్క్ టైమ్స్ సగటుల పేజీ, నేట్ సిల్వర్ నడిపే సిల్వర్ బులెటిన్, మ్యాప్ మీద రంగులు మార్చుకునే 270టువిన్ అందులో ముఖ్యమైనవి. 2008లో మొదలై ఈ లెక్కలను జనానికి అలవాటు చేసిన ఫైవ్‌థర్టీఎయిట్‌ను ఏబీసీ న్యూస్ 2025 మార్చిలో మూసేసింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఓటు హక్కు వచ్చిన తెలుగువాళ్లూ, వీసాల సంగతి ఏమవుతుందోనని ఇక్కడ ఎదురుచూసే కుటుంబాలూ ఇవే అంకెలను వాట్సాప్‌లో పంపుకుంటారు. కాబట్టి ఏ సైటు ఏం లెక్కిస్తుందో, ఎక్కడ దెబ్బతింటుందో తెలుసుకుని చూడటం అవసరం.

ముందు మార్కులు వేద్దాం. 2024లో రిపబ్లికన్ ట్రంప్ డెమొక్రాట్ హారిస్ మీద దేశం మొత్తం మీద 1.5 పాయింట్ల (ఇద్దరి ఓట్ల శాతాల మధ్య) తేడాతో గెలిచారు. ఆఖరి రోజు రియల్‌క్లియర్ సగటు హారిస్‌కు 0.1 ఆధిక్యం చూపింది, ఫైవ్‌థర్టీఎయిట్ 1.2 చూపింది. 2020లో బైడెన్ గెలిచింది 4.5తో అయితే రియల్‌క్లియర్ 7.2, ఫైవ్‌థర్టీఎయిట్ 8.4 చెప్పాయి. అందరూ తిట్టుకున్న 2016లో దేశవ్యాప్త సగటు నిజానికి బాగానే ఉంది: 3.2 అన్నారు, క్లింటన్‌కు 2.1 వచ్చింది. దెబ్బ రాష్ట్రాల్లో తగిలింది. విస్కాన్సిన్‌లో ఆమె 6.5 ముందున్నారని సగటు చెబితే ట్రంప్ 0.8 తేడాతో గెలిచారు.

మూడుసార్లూ ట్రంప్ బలాన్ని తక్కువ చూపాయి కదా, ఇకమీదట రిపబ్లికన్లకు రెండు మూడు పాయింట్లు కలుపుకుని చదివితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా చదవకండి. 2012లో ఇదే రియల్‌క్లియర్ ఒబామాకు 0.7 మాత్రమే ఇచ్చింది, ఆయన 3.9తో గెలిచారు. తప్పు ఎటు జరుగుతుందో ముందే తెలియదు. ఎంత జరగొచ్చో మాత్రం తెలుసు: దేశం మొత్తం మీద రెండు నుంచి నాలుగు పాయింట్లు, రాష్ట్రాల్లో ఇంకా ఎక్కువ.

రియల్‌క్లియర్ పద్ధతి చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. ఈమధ్య వచ్చిన పోల్స్ కొన్నింటిని తీసుకుని కూడి, ఎన్ని ఉంటే అంతతో భాగిస్తుంది. సంస్థ పాత చరిత్ర మంచిదా కాదా, నమూనా 600 మందా 2,000 మందా అని చూడదు. దీంతో ఒక్క తేడా పోల్ చాలు, సగటు ఊగిపోతుంది. ఐదు పోల్స్‌లో ఆధిక్యం 1, 2, 0, 1, 6 అనుకోండి, సగటు 2. ఆ 6 తీసేస్తే 1. మరునాడు ఆ పోల్ పాతబడి జాబితాలోంచి పోతే ‘ఆధిక్యం సగానికి పడిపోయింది’ అని వార్తలొస్తాయి. ఓటర్లెవరూ మనసు మార్చుకోలేదు, జాబితా మారిందంతే. సగటు పక్కన ఏయే పోల్స్ ఉన్నాయో, ఏ తేదీలవో అక్కడే కనిపించడం మాత్రం ఈ సైటులో నిజంగా మెచ్చుకోవాల్సిన విషయం.

నాలుగింటిలో మొదటి స్థానం న్యూయార్క్ టైమ్స్ పేజీకి ఇవ్వాలి. కారణం ఒక చిన్న పట్టిక. పోటాపోటీ రాష్ట్రాల ఇప్పటి సగటు పక్కనే, పోల్స్ గతంలో ఏ ఎన్నికలో తప్పినట్టు మళ్లీ తప్పితే ఎవరు ముందుంటారో చూపిస్తుంది. ఒక వరుసలో నీలం (డెమొక్రాట్లు), పక్క వరుసలో ఎరుపు (రిపబ్లికన్లు). ఒక పాయింటు ఆధిక్యం ఎంత పల్చనిదో ఆ రెండు రంగులు చూసిన ఓటరుకు ఒక్క క్షణంలో బోధపడుతుంది. పైగా సియెనా విశ్వవిద్యాలయంతో కలిసి వాళ్లు సొంతంగా చేసే పోల్స్‌కు ప్రశ్నలన్నీ, వయసు, జాతి, చదువు వారీ పట్టికలన్నీ బయటపెడతారు. ఓటర్ల జాబితా నుంచి పేర్లు తీసి ఫోన్ చేస్తారు కాబట్టి ఎవరు గతంలో ఓటేశారో, ఎవరు వెయ్యలేదో కూడా లెక్కలోకి వస్తుంది.

సిల్వర్ బులెటిన్ పద్ధతి వేరు. అది ఎన్నికను కంప్యూటర్‌లో వేలసార్లు ఆడించి చూస్తుంది. 2024లో ఆఖరిసారి 80,000 సార్లు ఆడిస్తే హారిస్ 40,012 సార్లు గెలిచారు. లెక్క నిజాయతీగానే ఉంది. ఇబ్బంది చదివేవాళ్ల దగ్గర వస్తుంది. 2016లో ఫైవ్‌థర్టీఎయిట్ క్లింటన్‌కు 71 శాతం గెలుపు అవకాశం ఇచ్చింది, ట్రంప్‌కు 29. ఆ 71ని చాలామంది ఓట్ల శాతంలా చదివి ‘ఇంకేముంది, గెలిచేశారు’ అనుకున్నారు. ఇది ఊహ కాదు. షాన్ వెస్ట్‌వుడ్, సాలమన్ మెస్సింగ్, యిఫ్తాక్ లెల్కెస్ అనే పరిశోధకులు ప్రయోగాలు చేసి, సంభావ్యతను చూపిస్తే జనం గెలుపు మీద మితిమీరిన ధీమా పెంచుకుంటారనీ, దాంతో ఓటుకు వెళ్లాలన్న పట్టు తగ్గొచ్చనీ తేల్చారు. సైటు వాళ్లు ‘వందలో 29 సార్లు ఓడిపోవచ్చు’ అని రాసి ఉంటే ఇంత అపార్థం ఉండేది కాదు. సిల్వర్ బులెటిన్‌కు డబ్బు కట్టే ముందు గెలుపు అవకాశం ఓట్ల శాతం కాదన్న తేడా మీకు స్పష్టంగా ఉండాలి.

ఇక ‘నాకెవరూ ఫోన్ చెయ్యలేదు, ఈ పోల్స్ అన్నీ కట్టుకథలు’ అన్న మాట. 2024లో 15 కోట్లకు పైగా ఓట్లు పడ్డాయి. వెయ్యిమందిని అడిగే పోల్‌లో మీ వంతు రావడానికి అవకాశం లక్షన్నరలో ఒకటి. ఫోన్ రాకపోవడం మామూలే. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది, నిజమే. కానీ గిన్నె మొత్తం ఒకేలా ఉడికితేనే ఆ మెతుకు మాట నమ్మొచ్చు. ఇక్కడ చిక్కంతా గరిటెకు అందని మెతుకులది. ప్యూ రిసెర్చ్ సెంటర్ ఫోన్ సర్వేలకు 1997లో వందకు 36 మంది జవాబిచ్చేవారు, 2018 నాటికి 6కు పడిపోయింది. జవాబిచ్చే ఆ కొద్దిమంది మిగతావాళ్లలాంటి వాళ్లే అయితే బాధ లేదు. కాకపోతే ఎంత పెద్ద నమూనా తీసినా తప్పు పోదు. 1936లో లిటరరీ డైజెస్ట్ పత్రికకు 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి, రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తారని చెప్పింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచారు.

జవాబిచ్చే ఉత్సాహం వారం వారం మారుతుంది కూడా. 2012 అక్టోబర్ 3న డెన్వర్‌లో మొదటి డిబేట్ ఒబామాకు బాగా సాగలేదు. అంతకుముందు ప్యూ పోల్‌లో 51–43తో ముందున్న ఆయన, తర్వాతి పోల్‌లో 45–49తో వెనకబడ్డారు. పన్నెండు పాయింట్ల ఊపు! తర్వాత గణాంక శాస్త్రవేత్త ఆండ్రూ గెల్మన్ బృందం లోతుగా చూస్తే, పార్టీ మారినవాళ్లు చాలా తక్కువ. నీరుగారిన డెమొక్రాట్లు సర్వేలకు జవాబివ్వడం తగ్గించారు, హుషారెక్కిన రిపబ్లికన్లు పెంచారు. డిబేట్, పార్టీ మహాసభ జరిగిన వారం వచ్చే పోల్స్ చూసి సంబరపడటం, కుంగిపోవడం రెండూ తొందరపాటే. పది రోజులు ఆగండి.

2024 నవంబర్ 2న వచ్చిన అయోవా రాష్ట్ర పోల్ దీనికి ఇంకో కోణం. ఆన్ సెల్జర్ చేసిన ఆ పోల్‌లో 808 మంది, తప్పు హద్దు ±3.4, హారిస్ 47, ట్రంప్ 44. డెమొక్రాట్ల ఆనందానికి పట్టపగ్గాల్లేవు. మూడు రోజులకు ట్రంప్ 13 పాయింట్లతో గెలిచారు. ఆ పోల్ 16 పాయింట్లు తప్పింది. ఆమె పద్ధతిలో జవాబిచ్చినవాళ్ల వయసు, లింగం, ప్రాంతం మాత్రమే జనాభాలోని వాటాకు తగ్గట్టు సరిచేసేవారు. చదువునూ గతంలో ఎవరికి ఓటేశారన్నదాన్నీ ముట్టుకునేవారు కాదు. 2016లో, 2020లో ఆ పద్ధతే అందరికన్నా దగ్గరగా చెప్పింది కాబట్టి ఆమె మాటకు అంత విలువ వచ్చింది. మిగతా సంస్థలు చాలావరకు 2020 ఓటును అడిగి దాని ప్రకారం బరువులు సరిచేశాయి. అవి తక్కువ తప్పాయి, కానీ అన్నీ ఒకేలా కనిపించాయి. ఒక్క పోల్‌ను నెత్తిన పెట్టుకోకండి అని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

మన దగ్గర ఇలాంటి అంకెకు పోలింగ్‌కు ముందు 48 గంటల్లో టీవీలో చోటుండదు, ప్రజాప్రాతినిధ్య చట్టం ఒప్పుకోదు. అమెరికాలో అలాంటి అడ్డు లేదు. ఇంకో తేడా కూడా గుర్తుంచుకోవాలి. 2018లో లగడపాటి రాజగోపాల్ తెలంగాణలో ప్రజాకూటమికి 65 సీట్లు, పది అటూ ఇటూ అన్నారు, టీఆర్‌ఎస్ 88 గెలిచింది. ఆ పది సీట్ల ‘అటూ ఇటూ’ వేరు, అమెరికా పోల్స్‌లో రాసే ± వేరు. వెయ్యిమంది నమూనాకు ±3 అంటే ఒక్కో అభ్యర్థి శాతానికి మూడు. ఇద్దరి మధ్య ఆధిక్యానికి వచ్చేసరికి అది దాదాపు రెట్టింపు. 48–46 అన్న పోల్‌లో వెనకున్నవాళ్లు నాలుగు పాయింట్లు ముందున్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

నమూనాలోని చిన్న వర్గాల దగ్గరికి వస్తే ఈ హద్దు పనికిరాకుండా పోతుంది. వందమంది ఉన్న వర్గానికి ±10. వెయ్యిమంది దేశవ్యాప్త పోల్‌లో భారతీయ మూలాలవాళ్లు పదిమంది ఉంటే గొప్ప. ‘ఇండియన్లు అటు తిరిగారు’ అని అలాంటి పోల్ చూపించి ఎవరైనా పంపితే పక్కన పెట్టేయండి. ప్రత్యేకంగా చేసిన సర్వే చూడాలి. 2024లో కార్నెగీ సంస్థ సర్వే సంస్థ యూగవ్‌తో 714 మంది భారతీయ అమెరికన్ పౌరులను అడిగించింది: హారిస్‌కు 61, ట్రంప్‌కు 32. మన ఇంగ్లిష్ పత్రికలు ఉటంకించినవాటిలో కాస్త నిలబడే అంకె అదే.

కొత్త పోల్ కనబడగానే చూడాల్సినవి: ఏ తేదీల్లో అడిగారు, నమోదైన ఓటర్లనా లేక ఓటేసేలా ఉన్నవాళ్లనా, డబ్బు ఎవరు పెట్టారు. పార్టీలు సొంతంగా చేయించుకున్నవి బాగుంటేనే బయటకు వస్తాయి. ‘మనం రెండు పాయింట్లు వెనక ఉన్నాం, పది డాలర్లు పంపండి’ అన్న మెసేజ్‌లోని అంకె విరాళం కోసం ఎంచి పెట్టింది. మూడో అభ్యర్థి పేరు ప్రశ్నలో ఉందో లేదో కూడా చూడండి. 2024 ఆగస్టులో కెనడీ జూనియర్ తప్పుకునే దాకా ఆ ఒక్క పేరుతోనే అంకెలు మారిపోయేవి.

270టువిన్ వాడేటప్పుడు ఒక కిటుకు. పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ రంగులు విడివిడిగా మార్చకండి, కలిపి మార్చండి. ఒకచోట పోల్స్ తప్పితే మిగతా రెండుచోట్లా అదే వైపు తప్పుతాయి. 1992 నుంచి ఆ మూడూ ఒకే పార్టీతో వెళ్తున్నాయి. 2024లో ట్రంప్ ఆ మూడింటినీ 1.7, 1.4, 0.9 పాయింట్లతో గెలిచారు. మూడింటికీ కలిపి 44 ఎలక్టోరల్ ఓట్లు (అధ్యక్షుణ్ని తేల్చే రాష్ట్రాల వారీ ఓట్లు, గెలవడానికి 270 కావాలి). ఆయన 312 నుంచి వాటిని తీసి హారిస్ 226కు కలపండి: 268, 270.