విమానంలో ఫ్రోజెన్ సరుకు: ఎనిమిదేళ్ళ వాడకం తర్వాత

ఎనిమిదేళ్ళుగా నెలకు రెండు మూడు సార్లు ఆహార పదార్థాలను విమానంలో వేరే దేశాలకు పంపుతున్నాను. ఎక్కువగా ఫ్రోజెన్ సరుకే: చేపలు, రొయ్యలు, వండి గడ్డకట్టించిన వంటకాలు. అప్పుడప్పుడు తాజా పండ్లు, ఆకుకూరలు. మొదట్లో నా భయమంతా విమానం గురించే. అన్ని గంటలు గాలిలో ఉంటే సరుకు ఏమైపోతుందో అనుకునేదాన్ని. ఇన్నేళ్ళ ఉష్ణోగ్రత రికార్డులు ముందు పెట్టుకుని చూస్తే తేలింది వేరు. పాడైన సరుకంతా నేల మీద ఉన్న గంటల్లోనే పాడైంది.

ఒక రికార్డు గురించి చెబుతాను. పెట్టెలో పెట్టే డేటా లాగర్ బొటనవేలంత ఉంటుంది. పది నిమిషాలకొకసారి ఉష్ణోగ్రతను నమోదు చేస్తుంది, గమ్యం చేరాక కంప్యూటర్‌కు తగిలిస్తే గ్రాఫ్ వస్తుంది. ఆ రోజు రొయ్యల పెట్టెలో రెండు పెట్టాను, మూత కింద ఒకటి, నడిమధ్య ఒకటి. తొమ్మిది గంటల ప్రయాణంలో రెండు గీతలూ దాదాపు కదలలేదు. విమానం మారే చోట మూత కింది గీత లేవడం మొదలైంది. ఐదు గంటల్లో మైనస్ 24 నుంచి మైనస్ 11కు వచ్చింది. నడిమధ్య లాగర్ మాత్రం మైనస్ 18 దాటలేదు. ఒక్కటే లాగర్ మధ్యలో పెట్టి ఉంటే అంతా బాగానే ఉందనుకునేదాన్ని. పై వరుస ప్యాకెట్ల లోపల మంచు పొడి పేరుకుని కనిపించింది. దారిలో ఉష్ణోగ్రత పెరిగి మళ్ళీ తగ్గిందనడానికి అదే గుర్తు. ఆ వరుసంతా పారేశాం.

కారణం సులువుగానే అర్థమవుతుంది. విమానం కార్గో గది ఫ్రీజర్ కాదు, కానీ అక్కడ ఎండ ఉండదు, ఉష్ణోగ్రత పెద్దగా మారదు. దిగాక పెట్టె ట్రాలీ మీద వేడి నేలపై నిలబడుతుంది. తర్వాత గోదాము, ఆ తర్వాత కస్టమ్స్. చాలా పెద్ద విమానాశ్రయాల్లో త్వరగా పాడయ్యే సరుకుకు శీతల గదులున్నాయి, కానీ బుకింగ్ సమయంలోనే గట్టిగా అడిగి రాయించుకోకపోతే మన పెట్టె అక్కడికి చేరుతుందన్న హామీ లేదు. అందుకే చార్జీ ఎక్కువైనా నేరుగా వెళ్ళే విమానమే ఎంచుకుంటాను. సోమ, మంగళవారాల్లో తప్ప పంపను. వారాంతంలో కస్టమ్స్ దగ్గర ఇరుక్కున్న పెట్టెను ఏ ఐసూ కాపాడలేదు.

ఇక పెట్టెలు. మామూలు థర్మోకోల్ పెట్టెతోనే మొదలుపెట్టాను, ఇప్పటికీ ఎక్కువగా వాడేది అదే. గోడ మందం ఐదు సెంటీమీటర్లకు తగ్గితే దేశాంతర ప్రయాణానికి వద్దంటాను. బయట 60×40×40 సెంటీమీటర్లున్న పెట్టె పరిమాణం 96 లీటర్లు. అన్ని వైపులా ఐదు సెంటీమీటర్లు పోతే లోపల మిగిలేది 45 లీటర్లే. అందులోనూ డ్రై ఐస్‌కు, అంటే గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్‌కు, చోటివ్వాలి. వ్యాక్యూమ్ ప్యానెళ్ళు (లోపలి గాలి తీసేసిన పలకలు) ఉన్న పెట్టెలు చాలా పలుచటి గోడతోనే అంత చల్లదనాన్ని కాపాడతాయి. అయితే ప్యానెల్‌కు చిన్న రంధ్రం పడినా దాని ప్రత్యేకత పోతుంది, ఖరీదేమో ఎక్కువ. పెట్టె నాకు తిరిగి వచ్చే మార్గాల్లోనే వాటిని వాడుతున్నాను.

డ్రై ఐస్ మీద నాకున్న నమ్మకం ఇన్నేళ్ళలో పెరిగిందే తప్ప తగ్గలేదు. మైనస్ 78.5 డిగ్రీల దగ్గర అది ద్రవం కాకుండా నేరుగా వాయువవుతుంది. కిలో డ్రై ఐస్ అలా మారేటప్పుడు సుమారు 570 కిలోజౌళ్ళ వేడిని పీల్చుకుంటుంది. మామూలు ఐస్ కరిగేటప్పుడు పీల్చేది 334. పైన చెప్పిన పెట్టెలో నాకు రోజుకు నాలుగైదు కిలోలు తరుగుతుంది. మూడు రోజుల ప్రయాణమనుకుంటే పదిహేను కిలోలు వేస్తాను, లెక్క తప్పినా ఎక్కువ వైపే తప్పేలా. గుళికల కన్నా పలకలు ఎక్కువసేపు నిలుస్తాయి. చల్లని వాయువు కిందికి దిగుతుంది కాబట్టి ఎక్కువ భాగం పైనే పరుస్తాను. ఖాళీలను నలిపిన కాగితంతో నింపుతాను. సరుకు ముందే లోపలి దాకా మైనస్ 18కి గడ్డకట్టి ఉండాలి. సగం గట్టిపడిన సరుకును డ్రై ఐస్ పూర్తిగా గట్టిపరుస్తుందిలే అనుకుంటే, దారిలో అవసరమయ్యే ఐసంతా మొదటి రాత్రే అయిపోతుంది.

పెట్టెను గాలి చొరకుండా మూయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. కిలో డ్రై ఐస్ నుంచి సుమారు 540 లీటర్ల వాయువు పుడుతుంది. దానికి దారి లేకపోతే పెట్టె పగులుతుంది. నేను మూత అంచుల చుట్టూ టేపు వేయను, రెండు చోట్ల అడ్డంగా మాత్రమే వేస్తాను. వ్యానులో తీసుకెళ్ళేటప్పుడు అద్దాలు దించే ఉంచుతాను, మూసిన వ్యానులో ఆ వాయువు ప్రాణాంతకం.

ఈ వాయువు కారణంగానే విమానయాన నిబంధనల్లో డ్రై ఐస్ తొమ్మిదో తరగతి ప్రమాదకర సరుకు. పెట్టె మీద డ్రై ఐస్ గుర్తింపు సంఖ్య యూఎన్ 1845, ఆ తరగతి లేబుల్, డ్రై ఐస్ నికర బరువు కిలోల్లో రాసి ఉండాలి. అదే బరువు ఎయిర్ వేబిల్‌లోనూ, అంటే విమాన సరుకు రవాణా పత్రంలోనూ, ఉండాలి. ఒకసారి లేబుల్ మీద 12 అనీ, వేబిల్‌లో 10 అనీ పడింది. కౌంటర్‌లో పెట్టెను తీసుకోలేదు. కాగితం దిద్దించి తెచ్చేసరికి విమానం వెళ్ళిపోయింది, తర్వాతిది మరో పద్నాలుగు గంటల తర్వాత. ఆ రాత్రి పెట్టెను ఇంటికి తెచ్చి మళ్ళీ డ్రై ఐస్ నింపాను. అప్పటి నుంచి కాగితాలన్నిటినీ ఇద్దరం విడివిడిగా చదువుతాం. ఆరోగ్య ధ్రువపత్రంలో సరుకు పేరు ఇన్వాయిస్‌లోని పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి, లేకపోతే కస్టమ్స్‌లో ఆగిపోతుంది.

డ్రై ఐస్ తీసుకోని మార్గాల కోసం మైనస్ 21 దగ్గర గడ్డకట్టే ఉప్పునీటి ప్యాకులు కొన్నాను. మామూలు ఫ్రీజర్‌లో రెండు రోజులుంచి తీస్తే లోపల ఇంకా నీళ్ళు కదులుతున్నాయి. మైనస్ 18 ఫ్రీజర్ వాటిని ఎన్ని రోజులైనా గడ్డకట్టించలేదు, మైనస్ 30 దాకా వెళ్ళేది కావాలి. అది సమకూరాక ఒకటిన్నర రోజు లోపు ప్రయాణాలకు బాగానే పనిచేస్తున్నాయి. బరువు మాత్రం చాలా ఎక్కువ.

తాజా ఆకుకూరలు, పండ్లు వేరే లోకం. అవి శ్వాసిస్తాయి, వేడి పుట్టిస్తాయి. వాటికి డ్రై ఐస్ పనికిరాదు. జెల్ ప్యాకులు చాలు, కానీ నేరుగా తగిలితే ఆకు గడ్డకట్టి నల్లబడుతుంది, మధ్యలో అట్ట వేయాలి. తాజా చేపలకైతే నీరు కారని రెండు పొరల సంచి తప్పనిసరి. కారిన ఉప్పునీరు విమానం లోహాన్ని తినేస్తుంది కాబట్టి విమానయాన సంస్థలు ఈ విషయంలో చాలా కఠినంగా ఉంటాయి.

చార్జీ లెక్క ముందే వేసుకోవాలి. ఎయిర్ కార్గోలో పెట్టె బయటి పరిమాణాన్ని ఘన సెంటీమీటర్లలో తీసుకుని సాధారణంగా 6000తో, కొరియర్లలో 5000తో భాగిస్తారు. అలా వచ్చిన బరువు, అసలు బరువు, వీటిలో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. నా పెట్టెకు కార్గోలో అది 16 కిలోలు. తేలికైన ఆకుకూరలకు ఈ లెక్కే భారం. ఫ్రోజెన్ సరుకుకు అసలు బరువే ఎక్కువ, దారిలో ఆవిరైపోయే పదిహేను కిలోల డ్రై ఐస్‌కూ చెల్లించాలి.

నష్టపరిహారం దగ్గర నాకు తృప్తి లేదు. నేను తీసుకున్న కార్గో బీమాలో ఆలస్యం వల్ల జరిగిన నష్టానికి చోటే లేదు. అంతర్జాతీయ విమాన రవాణాలో సంస్థల బాధ్యతను నిర్ణయించే 1999 మాంట్రియల్ ఒప్పందం వర్తించే ప్రయాణాల్లో సరుకు దెబ్బతింటే, అందుకున్న 14 రోజుల్లోపు విమానయాన సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఆలస్యానికైతే 21 రోజులు. గడువు దాటితే దావాకు దారి మూసుకుపోయినట్టే. అందుకే అందుకునేవారికి పెట్టె బయలుదేరిన రోజే సందేశం పంపుతాను: టేపు కోయక ముందు ఒక ఫొటో, మూత తీయగానే పై వరుస మీద థర్మామీటర్ పెట్టి ఇంకొకటి, మిగిలిన డ్రై ఐస్‌ను తూచి బరువు, రెండు లాగర్ల రికార్డులు. కిందటి నెల పెట్టెలో ఆరు కిలోలు మిగిలాయట. మూత కింద మైనస్ 22.